ఫ్రేము మూలకి బద్ద: ఏ జిగ్గు కట్టుకుంటే మేలు?

మా హాల్లో కాటన్ దొర ఫొటో ఒకటి ఉంది. గోదావరి డెల్టాలో ఇది వింతేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల తీరే మారిపోయింది కాబట్టి, దేవుడి పటాల వరసలో దొరగారి పటం కూడా పెట్టుకున్న ఇళ్లు ఇక్కడ కనిపిస్తూనే ఉంటాయి. మా పటానికి టేకు ఫ్రేము నేనే కట్టాను, మే నెలలో. 45 డిగ్రీల కోతలు నాలుగూ వెలుతురు దూరనంతగా కుదిరాయి. ఫెవికాల్ రాసి, తాడుతో బిగించి, రెండు రోజులు ఆరనిచ్చి గోడకి తగిలించాను. శ్రావణం వచ్చేసరికి రెండు మూలలు బయటి కొస దగ్గర నోరు తెరిచాయి.

మా వీధి మేస్త్రి గారు చూసి, "మూలకో మేకు దింపేస్తే పోయేది కదండీ," అన్నారు.

"బద్ద వేద్దామనుకుంటున్నానండీ."

"వేయండి, మంచిదే. మరి గాడి ఎలా తీస్తారు? ఆ జిగ్గు కట్టడానికే రెండు ఆదివారాలు పోతాయి మీకు," అని నవ్వారు.

బద్ద అంటే మూలకి అడ్డంగా కోసిన గాడిలో దింపే పల్చటి చెక్క ముక్క. జిగ్గు అంటే ఆ గాడి కోసేటప్పుడు ఫ్రేముని కదలకుండా పట్టి, బ్లేడు మీదుగా సూటిగా నడిపే చట్రం. రెండు ఆదివారాలు కాదు, ఆరు పోయాయి. ఏది మంచిదో తేలక మూడు రకాల జిగ్గులు కట్టాను. రౌటర్ (తిరిగే బిట్టుతో గాడి తీసే మిషను) మీద ఒకసారి, ఉత్త చేతి రంపంతో ఒకసారి కూడా చేసి చూశాను. మీకు కావలసింది వీటిలో ఒక్కటే. అది ఏదో తేల్చుకోవడానికి ఈ వివరమంతా.

## మూల ఎందుకు విడుతుంది

చెక్క తేమకి వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. అందువల్ల మనం 45గా కోసిన కోణం కాలాన్ని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. వానాకాలంలో ఉబ్బితే మూల బయటి కొస దగ్గర విడుతుంది, ఎండి కుంచించుకుంటే లోపలి కొస దగ్గర విడుతుంది. పైగా 45 కోతలో అతుక్కునేవి నారల కొసలు. అవి జిగురుని తాగేస్తాయి, పట్టు తక్కువ.

ఫ్రేము కట్టేశాక మూలకి అడ్డంగా గాడి కోసి, అందులో పల్చటి బద్ద దింపితే సంగతి మారుతుంది. బద్ద నారలు ఈ పట్టీలోంచి ఆ పట్టీలోకి అడ్డంగా పోతాయి. గాడి రెండు గోడలకీ జిగురు గట్టిగా పడుతుంది. బయటి కొస దగ్గరే బద్ద ఉంటుంది కాబట్టి మన వానలకి విడే చోటునే అది పట్టి ఉంచుతుంది.

దుకాణంలో దొరికే ఫైబర్ ఫ్రేములకి మాత్రం ఈ తంటా వద్దు. వాటికి చెక్క జిగురు పట్టదు. ఫ్రేముల షాపువాళ్లు వెనక నుంచి కొట్టే ‘వి’ మేకులే వాటికి సరైన మందు.

## ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు మీ బల్ల కింద ఉన్న మిషను. మన దగ్గర ‘టేబుల్ సా’ (బల్లలోంచి పైకి లేచిన బ్లేడుతో కోసే మిషను) అంటే రెండు వేరు వేరు వస్తువులు. ఒకటి కంపెనీ నుంచి వచ్చిన 10 అంగుళాల బ్లేడు టేబుల్ సా. రెండోది ప్లైవుడ్ బల్లకి కింద తిరగేసి బిగించిన కటింగ్ మిషను, 4 అంగుళాలదో 7 అంగుళాలదో. వడ్రంగం పని జరిగే ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. 10 అంగుళాల బ్లేడు బల్ల మీదకి దాదాపు 75 మి.మీ. లేస్తుంది. 7 అంగుళాల మిషను 65 మి.మీ. దాకా కోస్తుంది గానీ బల్ల మందం అందులోంచి పోతుంది. 4 అంగుళాల మిషను కోసేదే 30 మి.మీ. పైచిలుకు. 12 మి.మీ. ప్లై బల్ల కింద బిగిస్తే పైకి మిగిలేది 20 మి.మీ. మాత్రమే. జిగ్గుకి అడుగు పలక ఒకటి వేస్తే ఆ 20 కూడా అందులోనే కలిసిపోతుంది. జిగ్గు ఎంపికలో సగం తగువు ఈ లెక్కతోనే తీరిపోతుంది.

ఎంత లోతు కావాలి? బ్లేడు మూల కొస నుంచి ఎంత లోతు దిగితే, బద్ద బయటి వైపు పొడవు దానికి రెట్టింపు. 20 మి.మీ. లోతుకి 40 మి.మీ. పొడుగు ముక్క. 40 మి.మీ. వెడల్పున్న పట్టీలో మూల గీత పొడవు సుమారు 56 మి.మీ. ఉంటుంది. అద్దం కూర్చునే మెట్టు 6 మి.మీ. ఉంటే, ఆ గీత మీద లోపలి 8, 9 మి.మీ. దానికే పోతుంది. 25 నుంచి 30 మి.మీ. లోతు కోస్తే బలానికి బలం, మెట్టులోకి బద్ద తొంగి చూడదు.

ఆ తర్వాత ఫ్రేము సైజు. గాడి కోసేటప్పుడు ఫ్రేము మూల మీద నిలబడుతుంది. 12×18 అంగుళాల ఫ్రేము అలా నిలబడితే ఎత్తు 21 అంగుళాలు. 24×36 అంగుళాల పెళ్లి ఫొటో ఫ్రేము అయితే 42 అంగుళాలు, పైగా దాని బరువు పొడుగు పట్టీ వైపుకి 4 అంగుళాలు ఒరిగి ఉంటుంది. చిన్న జిగ్గులో దాన్ని నిలబెడితే ఎద్దులబండి మీద గడ్డిమోపులా ఊగుతుంది.

మూడోది వాన. డెల్టాలో జూన్ నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక వానే కదా, నైరుతి పోతే తుపానులు. జిగ్గు కూడా చెక్కే కాబట్టి అది కూడా ఉబ్బుతుంది. ఏ జిగ్గు ఎక్కడ ఉబ్బితే పని చెడుతుందన్నది చూసుకోవాలి.

ఏడాదికి ఎన్ని ఫ్రేములు కడతారన్నది చివర చూడండి. చాలామంది దాన్నే ముందు చూస్తారు. నా లెక్కలో అది అంత పెద్ద విషయం కాదు.

పట్టించుకోనక్కర్లేనిది కూడా ఒకటి ఉంది. ఒడి, అంటే ఫ్రేము మూల దిగి కూర్చునే ‘వి’ ఆకారం, సరిగ్గా 45 డిగ్రీలకి ఉండాలని అందరూ కిందా మీదా పడతారు. నేనూ ఒక ఆదివారమంతా దానికే పోగొట్టాను. ఒడి ఒక డిగ్రీ పక్కకి ఒరిగితే బద్ద ఒక వైపు రవ్వంత పొడుగు వస్తుంది, అంతే. తప్పకూడనివి మూడు. ఒడి రెండు చేతుల మధ్య కోణం 90 ఉండాలి, లేకపోతే ఫ్రేము ఆడుతుంది. ఫ్రేము ఆనుకునే పలక బల్లకి నిట్టనిలువుగా ఉండాలి, లేకపోతే గాడి వాలుగా పోయి ముందు ముఖం వైపుకి వస్తుంది. జిగ్గు నడక బ్లేడుకి సమాంతరంగా ఉండాలి, లేకపోతే గాడి బ్లేడు కన్నా వెడల్పవుతుంది.

## అయిదూ ఒకచోట

| పద్ధతి | ఏ మిషను మీద | జిగ్గు తినేసే లోతు | ఫ్రేము సైజు | వానాకాలంలో |
|---|---|---|---|---|
| జీను జిగ్గు | ఏ బల్ల అయినా, గట్టి ఫెన్సు (బ్లేడు పక్కన బల్ల మీద బిగించే నిలువు పట్టీ) ఉంటే చాలు | 2–3 మి.మీ. | చిన్నవి, మధ్యరకం | కాస్త బిగుస్తుంది, సులువుగా సర్దుకోవచ్చు |
| పెట్టె జిగ్గు | 7 లేదా 10 అంగుళాలు | దాదాపు 30 మి.మీ. | పెద్దవి కూడా | ఇబ్బంది లేదు |
| పట్టాల స్లెడ్ | గాడులున్న 10 అంగుళాల సా | దాదాపు 30 మి.మీ. | అన్నీ | చెక్క పట్టాలైతే ఇబ్బందే |
| రౌటర్ టేబుల్ | రౌటర్ | బిట్టుని బట్టి | చిన్నవి | ఇబ్బంది లేదు |
| చేతి రంపం | అక్కర్లేదు | లేదు | ఏదైనా | ఇబ్బంది లేదు |

## జీను జిగ్గు

గుర్రం మీద జీను వేసినట్టు ఫెన్సు మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటుంది కాబట్టి నేను పెట్టుకున్న పేరు ఇది. ఫెన్సుకి రెండు వైపులా రెండు ప్లై పలకలు, వాటిని కలుపుతూ పైన ఒక ముక్క. బ్లేడు వైపు పలక పెద్దది, 450×300 మి.మీ. ఉంటే హాయి. దాని మీద రెండు టేకు పట్టీలు ‘వి’ ఆకారంలో బిగిస్తే ఒడి తయారు. ఫ్రేముని పలకకి ఆనించి, మూలని ఒడిలో దించి, క్లాంపు వేసి, జీనుని ఫెన్సు వెంట తోస్తాం.

దీని గొప్పతనమంతా అడుగు పలక లేకపోవడంలోనే ఉంది. ఒడి పట్టీలని కింద కలవనివ్వకుండా వాటి కొసల మధ్య 30 మి.మీ. ఖాళీ వదలండి. ఫ్రేము కొస ఆ ఖాళీలోంచి 15 మి.మీ. కిందకి దిగుతుంది. పలకని ఫెన్సు మీద కూర్చోబెట్టినప్పుడు ఆ కొస బల్లకి రెండు మి.మీ. పైన ఉండేలా పట్టీలు బిగిస్తే, మిషను ఇచ్చే లోతు దాదాపు మొత్తం ఫ్రేముకే దక్కుతుంది. 4 అంగుళాల కటింగ్ మిషను బల్ల ఉన్నవాళ్లకి నాకు తెలిసి వేరే దారి లేదు.

కట్టేటప్పుడు మొదటి పట్టీని 45కి సుమారుగా పెట్టి స్క్రూలు వేయండి. రెండో పట్టీకి మళ్లీ 45 కొలవొద్దు. మొదటి పట్టీ మీద మూలమట్టం ఆనించి, దాని రెండో చేతికి రెండో పట్టీని కలిపి బిగించండి. అప్పుడు 90 దానంతట అదే వస్తుంది. స్క్రూలు వెనక వైపు నుంచి వేయాలి. బ్లేడు లేచే ఎత్తుకన్నా పైనే, అంటే 10 అంగుళాల సాకి బల్ల నుంచి 80 మి.మీ. పైన ఉండాలి. నేను ఒక స్క్రూ కింద వేసి, ఒక బ్లేడు పళ్లు మూడు పోగొట్టుకున్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

కిందికి ఖాళీ వదిలినందుకు ఇచ్చుకోవలసిన మూల్యం ఒకటి ఉంది. బ్లేడు బయటికి వచ్చే వైపు ఫ్రేముకి వెనక ఆసరా ఉండదు, అక్కడ చెక్క చిట్లుతుంది. మూలకి మాస్కింగ్ టేపు గట్టిగా చుట్టి కోస్తే చాలావరకు ఆగుతుంది. ఎక్కువ లోతు ఇచ్చే మిషను ఉంటే పట్టీలని కింద కలిపేయండి. మొదటి కోతకి బ్లేడు వాటిలోంచి తన దారి తను చేసుకుంటుంది, తర్వాత అదే ఆసరా.

వానాకాలంలో జీను ఫెన్సుకి బిగుసుకుంటుంది. నేను మొదట చెక్క పొడి అదిమి చేసే ఎండీఎఫ్‌తో కట్టాను. జులైలో అది ఫెన్సు మీద నుంచి రానని మొరాయించింది, ఆగస్టులో అంచులు బూరెల్లా పొంగాయి. ఇప్పుడున్నది మెరైన్ ప్లై. కాస్త వదులుగా కట్టి, లోపలి వైపు మాస్కింగ్ టేపు పొరలు అంటించాను. వానల్లో ఒక పొర తీస్తాను, వేసవిలో ఒక పొర వేస్తాను. రుద్దుకునే చోట కొవ్వొత్తి మైనం రాస్తే వెన్నలా జారుతుంది.

కటింగ్ మిషను బల్లకి కంపెనీ ఫెన్సు ఉండదు కదా. ఎండిన, చిత్రిక పట్టిన టేకు దుంగ ముక్క ఒకటి, 40 మి.మీ. మందం, 75 మి.మీ. ఎత్తు, బల్ల కన్నా పొడుగుది తీసుకోండి. రెండు కొసల్లో సీ క్లాంపులు వేస్తే అదే ఫెన్సు. జీను ఆ రెండు క్లాంపుల మధ్య నడుస్తుంది. మధ్యలో క్లాంపు వేశారో, జీను దానికి కొట్టుకుని సగం కోతలో ఆగుతుంది. సగం కోతలో ఆగడం కన్నా చెడ్డది ఈ పనిలో ఇంకొకటి లేదు.

## పెట్టె జిగ్గు

12 మి.మీ. అడుగు పలక మీద, రెండు పలకలు కింద కలిసేలా 45కి నిలబెట్టి, పక్కలకి ఆసరాలు కొడితే తొట్టి లాంటి పెట్టె వస్తుంది. అందులో ఫ్రేము మూల కూర్చుంటుంది. పెట్టె ఒక పక్క ఫెన్సుకి ఆనుకుని బల్ల మీద జారుతుంది. కట్టడం తేలిక, కూర్చోవడం నిబ్బరం. పెద్ద ఫ్రేములకి ఒడి పలకలని అడుగున్నర దాకా పొడిగించవచ్చు, పొడుగు పట్టీ వైపు ఇంకాస్త ఎక్కువ. ఫ్రేముకి వెనకా కిందా ఆసరా ఉంటుంది కాబట్టి చిట్లడం చాలా తక్కువ.

దీని జబ్బు లోతు దగ్గరే. అడుగు పలక 12 మి.మీ. వాలుగా ఉన్న ఒడి పలకలు కూడా 12 మి.మీ. మందమే అయినా, అవి కలిసే చోట నిలువు మందం 17 అవుతుంది. మొత్తం 29. 10 అంగుళాల సా మీద ఇంకా 45 మి.మీ. మిగులుతుంది కాబట్టి చింత లేదు. 7 అంగుళాల మిషనుకి బల్ల మందం పోగా 20, 25 మిగలొచ్చు, సన్న ఫ్రేములకి చాలు. 4 అంగుళాల దానికి ఇది వద్దే వద్దు.

ఇంకొకటి. జీనులో ఫెన్సుకి రెండు పక్కలా పట్టు ఉంటుంది, ఇందులో ఒక్క పక్కే. తోసేటప్పుడు పెట్టె ఫెన్సు నుంచి వెంట్రుకవాసి ఎడమైనా గాడి వెడల్పవుతుంది. ఎడం చేత్తో పెట్టెని ఫెన్సు వైపు నొక్కుతూ తోయాలి. అలవాటయ్యే దాకా పనికిరాని ముక్కల మీద కోసుకోండి.

## పట్టాల స్లెడ్

విదేశీ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. పెట్టె జిగ్గుకి అడుగున రెండు పట్టాలు వేసి, అవి సా బల్ల మీద ఉండే మైటర్ గాడుల్లో నడిచేలా చేస్తారు. ఫెన్సుతో పని లేదు. వెనక దిమ్మ పెట్టుకుంటే బ్లేడు బయటికి వచ్చినా ఆ దిమ్మలోకే వస్తుంది, వేళ్లకి అందదు. నడక రైలు నడిచినట్టు ఉంటుంది.

చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. నేను కట్టిన మూడిట్లో అందమైనది ఇదే, అటక మీద ఉన్నదీ ఇదే.

మొదటి చిక్కు, మన కటింగ్ మిషను బల్లలకి మైటర్ గాడులే ఉండవు. రెండోది, గాడి వెడల్పు 19 మి.మీ. టేకు పట్టా దానికి సరిగ్గా కుదిరేలా వేసవిలో చేశామనుకోండి. అది ఒక్క శాతం ఉబ్బినా 0.2 మి.మీ. పెరుగుతుంది. ఆ కాస్తకే స్లెడ్ ఇరుక్కుంటుంది. వానల్లో గీకి సరిచేస్తే, సంక్రాంతి దాటేసరికి లొడలొడలాడుతుంది. నాకు ఇది రెండేళ్లు జరిగింది. వంటింట్లో కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ బల్ల లాంటిది కోసి పట్టాలు చేసుకుంటే, లేదా అల్యూమినియం పట్టీ వేసుకుంటే ఈ బాధ పోతుంది. మూడోది, గాడి చోటు స్లెడ్‌తో పాటే ఖాయమైపోతుంది. 30 మి.మీ. ఫ్రేముకి మధ్యలో పడే గాడి 18 మి.మీ. ఫ్రేముకి అంచులో పడుతుంది. ఫ్రేము వెనక సన్న పలకలు పెట్టి జరుపుకోవాలి. జీను, పెట్టెలకైతే ఫెన్సు జరిపితే సరి.

ఒకే మందం ఫ్రేములు నెలకి పాతిక, ముప్పై కట్టేవాళ్లకి మాత్రం ఇదే మేలు. ఒకసారి కుదిరాక ఇక కొలతే అక్కర్లేదు.

## రౌటర్ టేబుల్

ఇదివరకే రౌటర్ టేబుల్ ఉన్నవాళ్లకి తప్ప ఇది చెప్పను. సన్న బిట్టు లోతుగా దింపితే విరుగుతుంది. 6 మి.మీ. బిట్టుతో రెండు మూడు దఫాలుగా కోయాలి. గాడి అడుగు మాత్రం చదునుగా, అద్దంలా వస్తుంది. బద్ద 6 మి.మీ. మందం ఉండటం వల్ల చిన్న ఫ్రేముల మీద మొరటుగా కనిపిస్తుంది. పనస బద్ద వేసి దాన్నే అందంగా చూపించే వాళ్లూ ఉన్నారు.

## చేతి రంపం

జిగ్గే వద్దనుకునే వాళ్లకి పాత పద్ధతి ఒకటి ఉంది. ఫ్రేముని వైస్‌లో మూల పైకి వచ్చేలా బిగించి, సన్న పళ్ల వెన్ను రంపంతో రెండు గాట్లు కోయాలి, ఒకటి పైకి వాలుగా, ఇంకొకటి కిందికి వాలుగా. వాలు వల్ల బద్దలు రెండూ ఒకదానికొకటి ఎదురు లాగి మూలని పట్టి ఉంచుతాయి. గాటు ఒక మి.మీ. లోపే కాబట్టి వెనీర్ (పల్చటి చెక్క పొర) ముక్క సరిపోతుంది. వెనీర్ పల్చనైతే రెండు పొరలు. వెదురు బద్ద కూడా వేయొచ్చు, కానీ పైన నున్నటి తోలు గీకేయాలి, దానికి జిగురు పట్టదు.

కరెంటు పోయినా ఆగని పని ఇది. నలభై నిమిషాల్లో నాలుగు మూలలూ అయిపోతాయి. నా మొదటి రెండు ఫ్రేములకి ఇలాగే చేసి ఉంటే ఆరు ఆదివారాలు మిగిలేవి. చేయి కుదరక గాటు వంకర పోతే మాత్రం దాచడానికి వీలుండదు, మూల మీద అందరికీ కనిపిస్తుంది.

## మీరు ఎవరైతే ఏది

ఏడాదికి రెండు మూడు ఫ్రేములు, అదీ ఇంటికో బంధువులకో అయితే చేతి రంపం. జిగ్గు మీద మోజు ఉంటే అది వేరే సంగతి, నాకూ ఉంది.

4 అంగుళాల కటింగ్ మిషను బల్ల ఉంటే జీను, ఇంకో మాట లేదు. అయితే ఆ మిషను గురించి ఒక మాట. నిమిషానికి 12,000 చుట్లకి పైగా తిరుగుతుంది, వెనక చీలిక కత్తి (కోసిన గాటు మూసుకుని బ్లేడుని పట్టేయకుండా ఆపే రేకు) ఉండదు, స్విచ్చు లాక్ వేసి వదిలేస్తారు. బల్ల పక్కన కాలికో మోకాలికో అందేలా వేరే స్విచ్చు బోర్డు పెట్టించుకోకుండా గాడి పని మొదలుపెట్టకండి. రాయి కోసే బ్లేడు తీసి, చెక్క బ్లేడు వేశారా లేదా కూడా చూసుకోండి.

10 అంగుళాల సా ఉండి, 20×24 దాటని ఫ్రేములు కట్టేవాళ్లకి కూడా నేను జీనే చెబుతాను. తోసే చెయ్యి ఫెన్సుకి అవతల, జీను వెనక ఉంటుంది, బ్లేడు వైపుకి రాదు. ఆ ఒక్క కారణం నాకు చాలు. అంతకన్నా పెద్ద ఫ్రేములు తరచుగా కట్టేటట్టయితే పెట్టె. రెండూ కావాలంటే మొదట పెట్టె కట్టండి. చిన్న ఫ్రేము పెద్ద జిగ్గులో కూర్చుంటుంది, పెద్ద ఫ్రేము చిన్న జిగ్గులో కూర్చోదు.

ఆర్డర్ల మీద ఒకే రకం పట్టీతో పని చేసే ఫ్రేముల దుకాణం అయితే, ప్లాస్టిక్ పట్టాలు వేసిన స్లెడ్.

భీమవరంలోనో రాజమండ్రిలోనో అపార్టుమెంటు బాల్కనీలో పని చేసుకునే వాళ్లకి మళ్లీ చేతి రంపమే. కింద ఇంటివాళ్లతో గొడవ ఉండదు.

## ఏ జిగ్గుకైనా వర్తించేవి

ఈ కోతకి బ్లేడు పైన ఉండే మూత తీయక తప్పదు, ఎందుకంటే బ్లేడు చెక్క దాటి పైకి రాదు. వెనక ఉండే చీలిక కత్తి బ్లేడు ఎత్తుకన్నా తక్కువ ఉంటే దాన్ని ఉంచండి, అడ్డు రాదు. ఫ్రేముని చేత్తో పట్టుకుని కోయొద్దు, క్లాంపు వేయాల్సిందే. కోత అయ్యాక జిగ్గుని వెనక్కి లాగకుండా స్విచ్చు ఆపి, బ్లేడు ఆగాక తీయండి.

మామూలు బ్లేడు పళ్లు ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ ఏటవాలుగా ఉంటాయి. అవి కోసిన గాడి అడుగున రెండు పక్కలా రెండు సన్న గీతలు లోతుగా దిగుతాయి. బద్ద దించాక పక్క నుంచి చూస్తే అక్కడ రెండు నల్ల చుక్కల్లా సందులు కనిపిస్తాయి. నిలువు కోతకి వాడే, పై అంచు చదునుగా ఉన్న పళ్ల బ్లేడు వేస్తే ఆ సందులు రావు. ఫ్రేము దూరం నుంచి చూసేవాళ్లకి ఇవేవీ కనబడవు, కట్టినవాడికే కనబడతాయి. నాకు ఆ చుక్కలు నచ్చవు కాబట్టి ఒక బ్లేడు దీనికే ఉంచాను.

10 అంగుళాల మామూలు బ్లేడు 3.2 మి.మీ. గాడి తీస్తుంది, సన్న రకం 2.4. బద్దని దానికి సరిపోయేలా కోయాలి. సన్న బద్దలని ఫెన్సుకీ బ్లేడుకీ మధ్యలోంచి కోయకండి, అవి ఇరుక్కుని వెనక్కి బాణంలా వస్తాయి. బద్ద బ్లేడుకి అవతలి వైపు పడేలా, ప్రతి కోతకీ ఫెన్సు జరుపుతూ కోయండి. రవ్వంత మందంగా కోసి, చిత్రికతో ఒకటి రెండు తోపులు తోసి సరిచేయడం అన్నిటికన్నా మంచిది. వేలితో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. నీటి జిగురు తగలగానే బద్ద ఇంకాస్త ఉబ్బుతుందని గుర్తుంచుకోండి.

బద్ద నారలు మూలకి అడ్డంగా, పొడుగు అంచు వెంట పోవాలి. అటు తిప్పి కోస్తే బిస్కెట్టు విరిగినట్టు విరుగుతుంది.

చెక్క మన చుట్టూ ఉన్నదే. టేకు ఫ్రేముకి పనస చేవ పసుపు రంగులో మెరుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. తుమ్మ చేవ ముదురు రంగు కాబట్టి మామిడి, వేప ఫ్రేములకి నప్పుతుంది. తాటి చేవ నల్ల చారలు చూడటానికి గొప్పగా ఉంటాయి గానీ నారలు ముళ్లలా లేస్తాయి, వేళ్లు జాగ్రత్త. కొబ్బరి చెక్క అయితే చెట్టు మొదలు దగ్గర, బెరడు వైపు గట్టి భాగమే తీసుకోండి. నడిమి చెక్క మెత్తన, బద్దకి పనికిరాదు.

జిగురు నీటికి తట్టుకునే రకం, ఫెవికాల్ మెరైన్ లాంటిది, వాడండి. ఒక రాత్రి ఆరనివ్వండి. ముసురు పట్టినప్పుడైతే ఇంకో పగలు కూడా. పైకి మిగిలిన బద్దని రంపంతో కోసి, చిత్రిక పట్టేటప్పుడు మూల కొస నుంచి పట్టీ లోపలికి తోయండి. ఎదురు తోస్తే కొస దగ్గర బద్ద పెచ్చు ఊడుతుంది.

కాటన్ దొర ఫ్రేముని కూడా విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించి, జీను మీద నాలుగు మూలలకీ పనస బద్దలు వేశాను. రెండు వానాకాలాలు గడిచాయి. మూడు మూలలు కదల్లేదు. నాలుగో మూలలో గాడి పక్కన టేకు వెంట్రుకంత చీలి ఉంది. ఆ బద్ద వేలికి దిగలేదు, నేనే సుత్తితో దింపాను.